పత్తి చేనులో వంతు

ఈ రోజు పొద్దున మా ఆసుపత్రిలో హెడ్ సిస్టర్ ముందు దరఖాస్తు పట్టుకొని నిలబడ్డాను. పాపకు మూడేళ్ళు. అంగన్‌వాడీ మధ్యాహ్నమే మూసేస్తారు. మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు. అందుకే ఆరు నెలలు ఉదయం షిఫ్టే ఇమ్మని అడిగాను. ఇవ్వకపోతే నర్సు ఉద్యోగం మానేయాల్సిందే, కానీ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే.

ఆమె చదివి, "అందరికీ పిల్లలున్నరు బిడ్డా. మరి గా మధ్యాహ్నం డ్యూటీ ఎవరు చేస్తరు?" అన్నారు.

మా అవ్వ, అంటే మా అమ్మ, సంగతి చెప్పాను. జమ్మికుంట దగ్గర అవ్వ పత్తి ఏరే రోజుల్లో, కూలికి వచ్చిన ఆడవాళ్ళలో రోజుకొకరు గట్టున కూర్చొని అందరి పిల్లల్నీ చూసేవారు. ఎన్ని కిలోలు ఏరితే అంత కూలి కాబట్టి మిగిలినవాళ్ళు తలా కొంత పత్తి ఆమె సంచిలో వేసేవారు. నేను నడక నేర్చింది ఆ గట్టు మీదే.

హెడ్ సిస్టర్ కళ్ళజోడు తీసి, "అయితే నీ సంచిల పత్తి ఎవరేస్తరో అడిగి రా పో" అన్నారు.

తోటి నర్సుల్ని అడిగాను. నా మధ్యాహ్నం డ్యూటీలు చేయడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. బదులుగా వాళ్ళ ఆదివారం డ్యూటీలు నేను చేయాలి.

సాయంత్రం అవ్వకు ఫోన్ చేశాను. ఆదివారాలు వచ్చి పాపను చూస్తానంది. తర్వాత నవ్వి, "నా వంతు వచ్చిననాడు అందరి పిల్లలు ఆడుకుంటుండిరి, నువ్వొక్కదానివే ఏడుస్తుంటివి. గంతకంటే పత్తి ఏరుడే నయమనిపిస్తుండె" అంది.

ఇన్నేళ్ళూ చిన్నప్పుడు నేను బుద్ధిమంతురాలినని అనుకుంటున్నాను. మీరూ ఇంటికి ఫోన్ చేసి చిన్నప్పుడు ఎలా ఉండేవారో అడగండి, ఏం విన్నారో ఇక్కడ చెప్పండి.