రేడియో అడిగిన బటన్ చాకు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు హెలికాప్టర్ నన్ను దించి వెళ్ళిపోయింది. రెక్కలు ఆపనే లేదు. దూకి, వంగి పరిగెత్తి, మంచులో బోర్లా పడుకున్నాను. ఎత్తు పదహారు వేల అడుగులకు కాస్త పైన. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీల కింద. వీపున ఇరవై కేజీల సంచి. అందులో ఆర్మీ ఇచ్చిన సామాను పోగా నా సొంతవి ఒక చింతకాయ తొక్కు సీసా, రెండు మడత చాకులు. ఒక చాకు నాది. రెండోది రేడియోది.

రేడియో అంటే మా పోస్టు రేడియో ఆపరేటర్. నగరి మనిషి. నాది పలమనేరు దగ్గర పల్లె. ఏడుగురున్న ఆ పోస్టులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నాకంటే మూడు వారాల ముందు పైకి వెళ్ళాడు. వెళ్ళే ముందు బేస్ నుంచి ఫోన్ చేశాడు. నేనప్పుడు సెలవులో ఇంటి దగ్గరున్నాను.

"వచ్చేటప్పుడు నాకొక సూరి తేప్పా," అన్నాడు. నగరిలో చాకును సూరి అంటారు, పక్కనున్న అరవం ప్రభావం. "బటన్ నొక్కితే టక్కని తెరుసుకునేది. నాకు ఒక సెయ్యి ఎప్పుడూ సెట్టు మిందనే ఉంటాది గదా."

ఇప్పుడు మా ఊరి టీ అంగడి దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు ఫోన్ తెరిచి చూపిస్తారు. "అన్నా, ఈ బటన్ చాకు ఎట్లుండాది? తక్కువకే వస్తా ఉండాది." నేను కసురుకుంటాను. మిలిటరీ వాడికి పొగరని వెనకాల అనుకుంటారు. అనుకోనీ. నేను కొన్న రెండు చాకుల సంగతి చెబుతాను, విన్నాక కొనుక్కోండి.

చిత్తూరు బజారులో సానపట్టే భాయ్ ఒకాయన ఉండేవాడు. చెక్క బల్ల, సానరాయి, గాజు పెట్టెలో వరసగా చాకులు. నాకు కావలసిందేమిటో చెప్పాను. ఆయన మూడు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది కార్బన్ ఉక్కు. "దీనికి పదును నిలస్తాది ఫౌజీ సాబ్. రాతి మీద నాలుగుసార్లు రుద్దితే సాలు. కానీ తడి తగిలితే తుప్పు. మంచులో తుడుస్తా కూర్సుంటావా నువ్వు?"

రెండోది గట్టి స్టెయిన్‌లెస్. వీపు మీద లాకు. కత్తి రేకు మీద చిన్న బొడిపె ఉంది, బొటనవేలితో దాన్ని తోస్తే ఒక చేత్తోనే తెరుచుకుంటుంది. భాయ్ చాకు మూసి వెలుతురుకెత్తి చూపించాడు. రేకు సరిగ్గా పిడి మధ్యలో కూర్చుంది. తెరిచి పక్కలకు ఊపాడు. కదల్లేదు. "మేకు కొట్టింది కాదు, మర బిగించింది. విప్పి శుభ్రం సేసుకోవచ్చు. బిగువుగా ఉంటాది, వారం దినాలు అలవాటు కావాల."

మూడోది బటన్ చాకు. నొక్కాడు. టక్కుమంది. నాకూ ఆ చప్పుడు నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

"ఇది మెత్త స్టీలు. ఈడ జామకాయ కోసుకునేదానికి సరే," అన్నాడు భాయ్. "లోపల స్ప్రింగు ఎంట్రుక మాదిరి ఉండాది. దుమ్ము పోయినా, తడి పోయినా, జిడ్డు పోయినా అడ్డం పడతాది. నీ దోస్తుకు గూడా రెండోదే తీసుకో బేటా."

"అడిగినోడు అదే అడిగినాడు భాయ్."

"అడిగినోడికి తెలీదు. నీకు ఇప్పుడు తెల్సింది గదా."

రెండోదాని ధరలో బటన్ చాకు సగం కూడా లేదు. నాకు రెండోది తీసుకున్నాను. వాడికి బటన్‌ది తీసుకున్నాను.

పోస్టు అంటే కొండ అంచున రెండు ఫైబర్ గుడిసెలు, ఒక బంకరు, కిరోసిన్ పొయ్యి. పొద్దున నాలుగు నుంచి ఆరు సెంట్రీ కాపలా, మళ్ళీ మధ్యాహ్నం రెండు గంటలు. నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి. ఉన్ని గ్లవ్, దాని మీద తోలు గ్లవ్. కమాండర్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి, నెమ్మదస్తుడు. మెడిక్, వంటవాడు, ఇంకో ఇద్దరు రైఫిల్‌మెన్. అందరిలోకీ ఎక్కువ మాట్లాడేది రేడియో. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని నేనొచ్చిన వారం నోరు మూయలేదు.

చాకు చూసి వాడు సంబరపడిన తీరు నాకు గుర్తుంది. పొయ్యి పక్కన కూర్చుని యాభైసార్లు నొక్కాడు. టక్, టక్. సాబ్ విసుక్కున్నాడు. గుడిసెలో అది బాగానే తెరుచుకునేది, వెచ్చగా ఉంటుంది కాబట్టి. పదో రోజుకు కాస్త బిరుసెక్కింది. వాడు అక్క పంపిన కొబ్బరినూనె సీసా పొయ్యి దగ్గర కరగబెట్టి రెండు చుక్కలు స్ప్రింగులో వేశాడు. మళ్ళీ టక్కుమంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆ చలిలో రైఫిళ్ళకే మేము నూనె తుడిచేసి పొడిగా ఉంచుతాం. మార్గశిరంలో పలమనేరులో తలకు రాసుకునే సీసాను ఎండలో పెడితేగానీ నూనె కారదు. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. వాడి సంతోషం చూసి నవ్వి ఊరుకున్నాను.

నలభై మూడో రోజు. కింద సామాను దాచే డంపు నుంచి కిరోసిన్, బ్యాటరీలు తేవాలని ఆర్డరు. ముగ్గురం బయల్దేరాం. ముందు సాబ్, మధ్యలో నేను, చివర రేడియో. ముగ్గురినీ కలిపి ఒకే తాడు, మనిషికీ మనిషికీ మధ్య ముప్పై అడుగులు. తిరిగి వచ్చేటప్పుడు సామాను మంచు మీద ఈడ్చుకొచ్చే స్లెడ్జ్ బండి మీద కట్టి, దాన్ని రేడియో నడుము బెల్టుకు ఇంకో తాడుతో కట్టాం. మా సంచులు కూడా దాని మీదే వేశాం, భుజాలకు ఊపిరి దొరుకుతుందని. సాబ్ చాకు ఆయన సంచిలోనే ఉంది.

పదకొండూ నలభై. దారిలో ఒక మంచు చీలిక ఉంది, దాని మీద మంచే వంతెనలా పేరుకుంది. పొద్దున అటు దాటాం, గట్టిగానే ఉంది. సాబ్ దాటాడు, నేను దాటాను, రేడియో దాటాడు. వెనక వస్తున్న స్లెడ్జ్ కింద వంతెన కూలింది.

రేడియో గొడ్డలి చేజారి, వెల్లకిలా పడి అంచు వైపు జారిపోయాడు. తాడు నన్ను లాగేసింది. నేను నా మంచు గొడ్డలి మంచులోకి దించాను. సాబ్ తన గొడ్డలి మంచులో పాతి దాని మీద పడుకున్నాడు. ఆగాం. రేడియో నడుము దాకా మంచు మీద ఉన్నాడు, కాళ్ళు చీలికలో ఉన్నాయి. స్లెడ్జ్ బరువంతా వాడి నడుముకు వేలాడుతోంది. ముడి విప్పడానికి లేదు, బరువుకు రాయిలా బిగుసుకుపోయింది. ఆ తాడు కొయ్యాలి. అదొక్కటే చెయ్యాల్సిన పని.

"రస్సీ కాటో!" సాబ్ అరిచాడు. ఆయన కదిలితే ముగ్గురం పోతాం.

రేడియో పళ్ళతో కుడి గ్లవ్ లాగేశాడు. జేబులోంచి చాకు తీశాడు. నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కాడు. బటన్ లోపలికి వెళుతోంది, రేకు బయటికి రావడం లేదు. గోటితో లాగి చూశాడు. పట్టు దొరకలేదు.

"రాలేదబ్బా," అన్నాడు. గొంతులో భయం లేదు, ఆశ్చర్యం ఉంది. "ఇది రాలేదబ్బా."

"పారెయ్. నేను వస్తాండా."

పొట్ట మీద పాకాను. అంచుకు నాలుగడుగుల దూరంలో మంచు కిర్రుమంది, ఆగిపోయాను. ఇంకొక్క జానెడు ముందుకు పోతే అంచు విరుగుతుంది. చెయ్యి చాపితే వాడి చెయ్యి అందుతుంది, స్లెడ్జ్ తాడు అందదు. వాడే కొయ్యాలి. నా చాకు తీసి బొటనవేలితో తోశాను. తెరుచుకుంది, లాకు పడింది. టైము పదకొండూ యాభై.

"ఇయ్యి," అని వాడు చెయ్యి చాపాడు.

మీ ఇంట్లో కత్తి చేతికిస్తారా? ఇవ్వరు. కత్తి, కత్తెర, ఉప్పు కింద పెడతాం, అవతలి మనిషి తీసుకుంటారు. చేతికిస్తే ఇద్దరి మధ్య పగ పుడుతుందని మన నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి నేను కొడవలి చేతికిస్తే నాయన వీపు మీద కొట్టాడు. పద్నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశాను, దేశంలో ఉన్న మనుషులందరితో తిన్నాను, పడుకున్నాను. ఆ అలవాటు నా చేతిని వదల్లేదు. నేను ఆలోచించి చేసింది కాదు. చాపిన వాడి చేతిలో పెట్టకుండా, ఆ చేతి పక్కన మంచు మీద పెట్టి నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కడ మంచు అద్దంలా ఉంది, వాలుగా ఉంది. చాకు జారింది. మెల్లగానే జారింది. వాడి వేళ్ళు దాని వెంట పోయాయి, అందలేదు. అంచు దాటి లోపల పడింది. ఎంతో సేపటికి ఎక్కడో కింద టింగుమంది.

వాడు నన్ను చూశాడు. తిట్టలేదు. నా గొడ్డలితోనైనా తాడు కొడదామని పైకి లేచాను, అంచు విరిగింది. వాడు లోపలికి పోయాడు. మా తాడు వాడిని పది అడుగుల కింద ఆపింది. నేనూ సాబ్ దాని మీద బరువు వేసి పడుకున్నాం. మనిషి బరువు, స్లెడ్జ్ బరువు, అంతా కలిసి ఆ బెల్టు వాడి నడుమును నలుపుతోంది. ఇద్దరం పైకి లాగలేం, వదలలేం.

వాడి ఛాతీ మీద సెట్టు ఉంది. కింది నుంచి వాడే పోస్టుకు మాట్లాడాడు, హిందీలో, రోజూ మాట్లాడే గొంతుతోనే.

"పోస్టు, ఇది గస్తీ పార్టీ. ఒక మనిషి చీలికలో. స్లెడ్జ్ తాడు కొయ్యాలి. కత్తి తెండి. ఓవర్."

"గస్తీ పార్టీ, ఆ మనిషెవరు? ఓవర్."

"నేనే. ఓవర్."

పోస్టు నుంచి అక్కడికి రెండున్నర గంటల నడక. వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ ఎత్తులో ఎవరూ పరిగెత్తకూడదు, అయినా పరిగెత్తారు. నేను తాడు పట్టుకుని వాడిని మాట్లాడిస్తూనే ఉన్నాను. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. క్షమించమని అడిగానో లేదో కూడా తెలియదు. పన్నెండూ యాభై అయిదుకు వాడు తెలుగులో అన్నాడు, "నడుముకాడ ఏం తెలీలేదబ్బా. కాళ్ళు యాడ ఉండాయో తెలీలేదు."

"వస్తా ఉండారు రా. కనపడతా ఉండారు," అన్నాను. ఎవరూ కనపడటం లేదు.

"సరే," అన్నాడు. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు.

ఒంటిగంటన్నరకు నలుగురూ వచ్చారు. వంటవాడు ఉల్లిగడ్డలు కోసే కత్తి పట్టుకొచ్చాడు. తాడు కట్టి మెడిక్‌ను దించారు. అతను ఒక్క కోత కోశాడు, స్లెడ్జ్ పడిపోయింది. రేడియోను పైకి లాగాం. మెడిక్ రెండూ ఇరవై దాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. సాబ్ అతని భుజం మీద చెయ్యి వేసి, "చాలు," అన్నాడు. మబ్బు కమ్ముకుంది. హెలికాప్టర్ రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులు సెట్టు దగ్గర నేను కూర్చున్నాను.

విచారణలో అడిగారు. "నీ చాకు ఎలా జారింది?"

"గ్లవ్స్ వల్ల, సర్."

అలాగే రాసుకున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు.

డెబ్బై ఎనిమిదో రోజు కిందికి దిగాను. చండీగఢ్ నుంచి రైళ్ళు మారి రేణిగుంటలో దిగినప్పుడు ఒళ్ళంతా చెమట పట్టింది, స్వెట్టర్ విప్పడం కూడా తోచలేదు. ఇంటికి పోకుండా నగరి బస్సెక్కాను. రేడియోకు తల్లిదండ్రులు లేరు. వాడిని పెంచింది అక్క. ఆమె మరమగ్గాల షెడ్డు నడుపుతుంది. నన్ను చూసి మగ్గం ఆపింది. మంచినీళ్ళు ఇచ్చింది.

"ఆఖర్లో ఏమన్నా అడిగినాడా తమ్ముడా?" అంది.

విచారణలో చెప్పిన మాటే చెప్పొచ్చు. చెప్పలేదు.

"నా సూరి అడిగినాడక్కా. సెయ్యి సాపినాడు. నేను సేతికియ్యలేదు. పక్కన పెట్టినాను. జారిపాయె."

ఆమె నా వైపు జాలిగా చూసింది. నన్ను ఓదార్చాలనే అనుకుంది, నాకు తెలుసు.

"అట్ల గాక ఎట్లిస్తావప్పా? సూరి సేతికి ఎవురన్నా ఇస్తారా? వాడు సిన్నప్పుడు సేతికిస్తే నేనే మొట్టేదాన్ని. వాడికి తెలుసు లే, సేతికి అడగడు..."

అక్కడ ఆగిపోయింది. చాపినాడని నేనన్న మాట ఆమెకు అప్పుడు అందింది. వెళ్ళి మగ్గం ఆన్ చేసింది. ఆ చప్పుడులో ఇక ఎవరేమన్నా వినపడదు. నేను వచ్చేశాను.

మళ్ళీ ఆ ఎత్తుకు పోలేదు. రెండేళ్ళు మైదానంలో పనిచేసి పెన్షన్ తీసుకున్నాను. నిద్ర పడుతుంది, తిండి తింటాను, నవ్వుతాను కూడా. కానీ ఎవరైనా నన్ను ఏదైనా అడిగి చెయ్యి చాపితే చాలు, చిల్లర కోసం బస్సు కండక్టరు చాపినా చాలు, నాకు రేడియో చెయ్యి కనిపిస్తుంది. గ్లవ్ లేదు. అరచెయ్యి పైకి తెరిచి ఉంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి. బొటనవేలి మీద, నొక్కి నొక్కి, బటన్ అచ్చు గుండ్రంగా పడి ఉంది. వాడు అక్క నేర్పింది పక్కన పెట్టి నా ముందు చెయ్యి చాపాడు. చాకు జారిపోయాక కూడా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.