పెద్దల్లుడి కారులో ఆలాపన

పెద్దల్లుడికి ఉన్న పిచ్చి ఒక్కటే. తన కారులో ఎవరు కూర్చున్నా "ఆ" అనమంటాడు.

మనిషి పళ్ళ డాక్టరు కాబట్టి ఇందులో వింతేముందని మీరనుకోవచ్చు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చేత నోళ్ళు తెరిపించేవాడు అలవాటుకొద్దీ కారులోనూ ఆ మాటే అంటున్నాడని సరిపెట్టుకోవచ్చు. కాని క్లినిక్‌లో ఒకసారి "ఆ" అంటే వదిలేస్తాడు. కారులో అలా కుదరదు. వీధి మొదట్లో ఎత్తుకున్న "ఆ"ని వీధి చివరిదాకా దించకూడదు. మధ్యలో స్పీడ్ బ్రేకర్లు వస్తాయి, గుంటలు వస్తాయి, నీళ్ళ పైపుల కోసం తవ్వి పూడ్చిన గతుకులు వస్తాయి. అక్కడ మన గొంతు ఎంత వణికిందో ఆయన చెవి ఒగ్గి వింటాడు. గొంతు ఎంత వణికితే కారు కింది స్ప్రింగుల సస్పెన్షన్ అంత గట్టిగా ఉన్నట్టు ఆయన లెక్క.

కారు మాత్రం చూడముచ్చటైనది. ఎర్రగా, నేలకి అతుక్కుపోయినట్టుండే స్పోర్ట్స్ కారు. ముందు రెండు సీట్లు. వెనక కూడా సీటని ఒకటుంది గాని, దాన్ని తయారుచేసినవాళ్ళు మనిషినెప్పుడూ చూసి ఉండరు. గేరు పక్కన గుండ్రటి మీట ఒకటుంటుంది. ఒక చుక్క మీద పెడితే బండి మెత్తగా నడుస్తుంది, రెండు చుక్కలైతే మధ్యరకం, మూడు చుక్కలైతే గట్టి. మూడు చుక్కలు పందేలవాళ్ళ కోసం. అప్పుడు రోడ్డు మీద అగ్గిపుల్ల పడి ఉన్నా నడుముకి తెలుస్తుంది.

రోజూ క్లినిక్‌కి వెళ్ళొచ్చే మనిషి ఇలాంటి కారు కొంటే తేల్చుకోవలసింది ఈ ఒక్క సంగతే. మరీ మెత్తగా ఉంటే మలుపుల్లో పడవలా ఊగుతుంది. మరీ గట్టిగా ఉంటే ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమవుతుంది. పెద్దల్లుడు ఈ మీమాంసంతా నోట్లో దూది కుక్కిన రోగులకి వివరంగా చెప్పేవాడు. వాళ్ళు ఎదురు చెప్పే స్థితిలో ఉండరు కాబట్టి చర్చ సాఫీగా సాగేది.

ఈ "ఆ" బాధ అందరికంటే ఎక్కువ పడ్డవాడు ఆయన తోడల్లుడు, అంటే చిన్నల్లుడు. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి మరో అద్దం పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడం ఆయన పని. జనం తొందరగా ఇంటికి పోవాలని ఏ అద్దానికైనా తలూపేస్తారనీ, గోడమీద లేని అక్షరాలు కూడా గడగడా చదివేస్తారనీ ఆయనకి అనుభవం. అందుకే పదిమందినీ అడిగి స్ప్రింగుల సంగతి తేల్చుకునే తోడల్లుణ్ణి చూస్తే ఆయనకి నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

మొదటిసారి కారెక్కినప్పుడు చిన్నల్లుడు కూడా తప్పించుకోలేకపోయాడు. "ఆ" అని దర్జాగానే మొదలుపెట్టాడు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అది రెండు ముక్కలైంది. పైపుల గతుకుల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మేక గొంతు అయిపోయింది. కారాగగానే పెద్దల్లుడు ఆత్రంగా అడిగాడు.

"ఎలా ఉంది తమ్ముడూ? మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

"మెత్తగానే ఉందన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు, తలుపు గొళ్ళెం వెతుక్కుంటూ.

"అబద్ధం. నీ గొంతు వేరే చెప్పింది. పద, అదేదో మన అత్తయ్యకి చెబుదువుగాని."

ఇది ఆయన పిచ్చిలో రెండో భాగం. ఎవరిని తిప్పినా తిప్పి ఊరికే వదలడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారి ముందు నిలబెట్టి, గొంతు ఎక్కడెక్కడ ఎలా వణికిందో మళ్ళీ వినిపించమంటాడు. క్లినిక్‌లో టోకెన్లిచ్చే అమ్మాయి వినిపించింది. పోస్ట్‌మాన్ సంచీ పక్కన పెట్టి మరీ వినిపించాడు. పక్కింట్లో రిటైరైన జడ్జిగారు ఉండేవారు. ఆయన కూడా చేతికర్ర ఊతగా నిలబడి, ఎంతో గంభీరంగా మేకలా అరిచి, తన సర్వీసు మొత్తం మీద తన గొంతు ఇలా వణికింది లేదని వాంగ్మూలం ఇచ్చి వెళ్ళారు. అత్తగారు అందరివైపూ చూసేది. ఏమీ అనేది కాదు.

ఆవిడ ఏమీ అనకపోవడమే ఆ ఇంటికి పెద్ద దిగులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివిన మనిషి ఆవిడ. ఆ గొంతు వినకుండా ఊళ్ళో ఎవరూ రైలెక్కలేదు. రైలు ఆలస్యమని ఆవిడ చెబితే, తిట్టుకోవలసినవాళ్ళు కూడా బెంచీ మీద సర్దుకుని కూర్చునేవారు. రిటైరయ్యాక ఆ ప్రకటనలు ఇంట్లోకి వచ్చాయి. "కాఫీ మరికొద్ది నిమిషాలలో రాబోతున్నది" అని వంటింట్లోంచి వినిపిస్తే అల్లుళ్ళిద్దరూ నవ్వుకుంటూ లేచి బల్ల దగ్గరికి చేరేవాళ్ళు.

అలాంటి మనిషికి పక్షవాతం తగిలింది. చేయీ కాలూ తొందరగానే స్వాధీనంలోకి వచ్చాయి. గొంతు మాత్రం తిన్నగా రాలేదు. వణుకుతూ, ముక్కలుముక్కలుగా వచ్చింది. ఆ గొంతు తన చెవినే పడేసరికి ఆవిడ సిగ్గుతో చితికిపోయింది. ఆ రోజు నుంచి నోరు మూసేసుకుంది. మాట సాధన చేయించడానికి ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ వస్తే మొహం గోడవైపు తిప్పుకుంది. ఈ కొద్ది నెలల్లో సాధన చేయకపోతే గొంతు ఇలాగే ఉండిపోతుందని చెప్పి ఆ డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

సరిగ్గా అదే నెలలో పెద్దల్లుడు ఎర్రకారు కొన్నాడు. బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఇంట్లో పెద్దావిడకి మాట పడిపోతే ఈ వయసులో ఈయనకి షికార్లు కావలసి వచ్చాయా అన్నారు. భార్య మాత్రం ఆయన్ని ఒక్క మాట అనలేదు. అది చూసి ఆవిడకి కూడా మతిపోయిందని తేల్చేశారు.

ఇంతలో ఇంకో కబురు వచ్చింది. పెద్దల్లుడు అత్తగారిని కూడా రోజూ ఆ కారులో తిప్పుతున్నాడట. అదీ మంచి రోడ్డు వదిలేసి, గతుకుల రోడ్డు మీదట. పందేల కారు నత్తలా నడుస్తుంటే వెనక సైకిళ్ళవాళ్ళు గంటలు కొడుతున్నారట. విన్న చిన్న కూతురు అగ్గిమీద గుగ్గిలమైంది.

"మీరు ఆదివారం వెళ్ళి అమ్మని తీసుకొచ్చేయండి. బావగారికి కారే ముఖ్యమైతే ఆ కారునే చూసుకోమనండి. అమ్మ ఇక్కడ మంచం మీద ప్రశాంతంగా ఉంటుంది," అంది మొగుడితో.

చిన్నల్లుడికి తోడల్లుడితో గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు. ఇంట్లో గొడవ అంతకన్నా ఇష్టం లేదు. ఆదివారం బయల్దేరాడు. దారిలో టైర్లకి గాలి కొట్టించుకోవడానికి షెడ్డు దగ్గర ఆగాడు. ఎర్రకారు పని చూసే మెకానిక్కు అక్కడే ఉన్నాడు. తోడల్లుడి మీద ఒక సాక్ష్యం చేతిలో ఉంటే మంచిదని, ఆ కారు సస్పెన్షన్ ఇంకా ఎందుకు కుదరలేదని అడిగాడు.

"కుదరకపోవడమేంటి సార్," అన్నాడు మెకానిక్కు. "కొన్న వారంలోనే సెట్ చేసిచ్చాను. ఒక చుక్క మీద పెడితే ఊయలే. ఎంత చెప్పినా డాక్టరుగారే మూడు చుక్కల మీద నడుపుతారు. అడిగితే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు."

చిన్నల్లుడికి అనుమానం తీరిపోయింది. ఇది మామూలు పిచ్చి కాదు, ముదిరిన పిచ్చి. జబ్బు మనిషిని ఈ పిచ్చికి బలిచేయడం అన్యాయమనుకుని, చెప్పవలసిన మాటలన్నీ దారిపొడవునా వల్లెవేసుకున్నాడు.

వెళ్ళేసరికి అత్తగారు అప్పటికే కారులో కూర్చుని ఉంది. ఆ కారులో కూర్చోవడం కూడా ఒక విద్య. ముందు వీపు లోపలికి పంపాలి, తర్వాత కాళ్ళు తెచ్చుకోవాలి. ఆవిడకి అది బాగా అలవాటైపోయినట్టుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని దర్జాగా ఉంది. చిన్నల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, మీతో ఒక మాట చెప్పాలి."

"దారిలో చెబుదువుగాని, వెనకెక్కు," అన్నాడు పెద్దల్లుడు.

మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుంటే గాని చిన్నల్లుడు ఆ వెనక సీటులో పట్టలేదు. తల రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వచ్చింది. కదలడానికి లేదు, చూడటానికి మాత్రం ఆ మీటే ఉంది. మూడు చుక్కల మీద ఉంది. వల్లెవేసుకున్న మాటలు మొదలుపెట్టబోయేంతలో కారు పైపుల వీధిలోకి తిరిగింది.

"అత్తయ్యా, కానివ్వండి. కారు కోసం," అన్నాడు పెద్దల్లుడు, పేషెంట్లతో మాట్లాడే గొంతుతో.

అత్తగారు నోరు తెరిచింది. ఎన్నో నెలల తర్వాత చిన్నల్లుడు ఆవిడ గొంతు విన్నాడు. సన్నగా ఉంది, వణుకుతోంది, గుంట దగ్గర తెగింది, మళ్ళీ అందుకుంది. పెద్దల్లుడు స్టీరింగు మీద చేత్తో కొట్టాడు.

"చూశావా తమ్ముడూ, ఎంత దిక్కుమాలిన స్ప్రింగులో. ఈ కారు ఎవరి గొంతునీ తిన్నగా ఉండనివ్వదు. నువ్వు కూడా అను."

చిన్నల్లుడు అన్నాడు. అదే మేక గొంతు వచ్చింది. అత్తగారు పెదవులు బిగించి నవ్వాపుకుని, మళ్ళీ "ఆ" అంది. ఈసారి ఇద్దరి గొంతులూ కలిసి వణికాయి. రెండింటిలో ఏది జబ్బుదో చెప్పడం కష్టం.

అప్పుడు తట్టింది చిన్నల్లుడికి. ఆయన దుకాణానికి వచ్చే ముసలివాళ్ళలో కొందరు గోడమీది అక్షరాలు కనిపించడం లేదని ఒప్పుకోరు, నామోషీ. వాళ్ళ దగ్గర ఆయన అద్దం తీసి, "ఇది మసకబారింది, తుడిచిస్తాను ఉండండి" అంటాడు. తప్పు అద్దం మీదికి పోగానే వాళ్ళు ధైర్యంగా కనిపించినంతవరకు చదువుతారు. ఇన్నేళ్ళుగా తాను చేస్తున్న పని అదే. పళ్ళ డాక్టరు దానికోసం ఏకంగా ఒక కారు కొన్నాడు. టోకెన్లమ్మాయినీ, పోస్ట్‌మాన్‌నీ, జడ్జిగారినీ తెచ్చి, గొంతు వణకడం లోకంలో అందరికీ ఉన్నదేనని ఆవిడకి నిరూపించాడు. చిన్నల్లుడికి తోడల్లుడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, వెనక సీటులో చోటుంటే కౌగలించుకునేవాడే.

"నువ్వేదో మాట చెప్పాలన్నావు," అన్నాడు పెద్దల్లుడు అద్దంలోంచి.

"ఏం లేదన్నయ్యా. కారు బాగుందని."

వీధి చివర కారు వెనక్కి తిరిగింది. పెద్దల్లుడు మీటని అరచేత్తో పూర్తిగా కప్పి, ఏదో తిప్పినట్టు మణికట్టు ఆడించాడు.

"అత్తయ్యా, మెకానిక్కు కొత్తగా ఏదో సర్దాడు. ఇప్పుడు ఒక చుక్క మీద పెట్టాను, మెత్తగా ఉంటుంది. మీ గొంతు వణికితే వాడి సంగతి నేను చూస్తాను."

అత్తగారు ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. మొదటి గుంట దాటింది. గతుకులు దాటింది. స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరింది, చిన్నల్లుడి తల పైకప్పుకి తగిలింది. ఆవిడ "ఆ" మాత్రం గీత గీసినట్టు ఇంటి గేటుదాకా వచ్చి ఆగింది. పెద్దల్లుడు అరచెయ్యి తీశాడు. మీట మూడు చుక్కల మీదే ఉంది.

"కుదిరింది," అన్నాడు ఆయన, ఎటో చూస్తూ. "ఈ మెత్తదనమే నాకు కావలసింది."

అత్తగారు పైట సర్దుకుంది. స్టేషన్లో మైకు ముందు కూర్చున్నప్పటిలా నిటారుగా కూర్చుంది.

"ప్రయాణికులకు... విజ్ఞప్తి," అంది. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు పట్టింది గాని, ఆ గొంతు ఎవరిదో చెప్పనక్కర్లేదు. "మీట... ఇంకా... మూడు చుక్కల మీదే... ఉన్నది."

పెద్దల్లుడు, జీవితంలో మొదటిసారి కాబోలు, తనే నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"మీకెప్పట్నుంచి తెలుసు అత్తయ్యా?"

"మొదట్నుంచీ. జబ్బు... గొంతుకే కదా. కళ్ళజోడు... చిన్నల్లుడు... బాగానే చేసిచ్చాడు."

"మరి చెప్పలేదేం?"

"మీరు... ముచ్చటపడి... చేస్తున్నారని," అంది ఆవిడ.

అంతలో చిన్నల్లుడి జేబులో ఫోను మోగింది. ముడుచుకున్న చోట చెయ్యి జేబులోకి పోయే దారి లేదు. పెద్దల్లుడు సీటు ముందుకి జరిపి, వెనక్కి వంగి, పన్ను పీకినంత జాగ్రత్తగా ఫోను బయటికి లాగాడు. అవతల చిన్న కూతురు. అమ్మతో బయల్దేరారా లేదా అని నిలదీస్తోంది. పెద్దల్లుడు ఫోను అత్తగారి నోటి దగ్గర పెట్టాడు.

"చిన్నమ్మాయి ఇంటికి... వెళ్ళవలసిన... అమ్మ," అంది ఆవిడ, ఒక్కో మాటా పోగుచేసుకుంటూ, "రద్దు... చేయబడినది. అసౌకర్యానికి... చింతిస్తున్నాము."

అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని చప్పుడు. మళ్ళీ చెప్పమంది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. పక్కింటి వరండాలో జడ్జిగారు పేపరు దించి చూశారు.

చిన్నల్లుణ్ణి వెనక సీటులోంచి బయటికి తీయడానికి జడ్జిగారు కూడా వచ్చి ఒక చెయ్యి వేయవలసి వచ్చింది. నడుం పట్టుకుని గేటు ఊతగా నిలబడ్డాక, పెద్దల్లుడు అలవాటు ప్రకారం అడిగాడు, మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అని.

"ఊయలలా ఉందన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. ఈసారి అబద్ధమని ఎవరూ అనలేదు.