చివరి గజం

సాయంత్రం ఏడింటికి గడపలో నిలబడడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. మా ఆయన రాజమల్లు మగ్గాల షెడ్ నుంచి రాగానే చొక్కాకు అంటుకున్న దారపు పోగులు ఏరేసి గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడూ ఏడింటికి నిలబడతాను. ఏరడానికి ఏమీ ఉండదు.

పోయిన వానాకాలంలో ఆయనకు గుండెనొప్పి వస్తే అద్దె వ్యాన్ ఎక్కించాం. పైకి నిగనిగలాడుతున్న వ్యాన్. మోకాలి లోతు నీళ్లలో ఆగింది, మళ్లీ కదల్లేదు. ఆసుపత్రి చేరేసరికి ఆయన లేరు.

అందుకే మా అబ్బాయి రవీంద్ర, పాతదైనా పెద్ద బండి కొంటానని పట్టుబట్టాడు. సంవత్సరీకానికి అందరం అందులోనే మా సొంతూరు సిరిసిల్ల వెళ్లాలట. కోడలు నవతకు ఐదో నెల. ఇది కూడా దారిలో ఆగిపోతే? నా భయం అదొక్కటే.

ఆదివారం ఇక్కడి ఆల్థాన్ పేట నుంచి ఓంప్రకాష్ అనే పాత బండ్ల వ్యాపారి ఒక ఎత్తైన తెల్ల బండి తెచ్చాడు. మర్నాటి దాకా నడిపి చూసుకోమన్నాడు.

"అమ్మాజీ, డాక్టర్ సాబ్ గాడీ. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్!"

"గంత మంచిదైతే డాక్టరెందుకు అమ్మిండే?" అన్నాను నవతతో మెల్లగా.

"అత్తమ్మా, నీకు పాలాయన మీద గూడ అనుమానమే," అని నవ్వింది.

ఓంప్రకాష్ వెళ్లాక రవీంద్ర ముందు తలుపు తీసి నన్ను కూర్చోమన్నాడు. భర్త పోయి ఏడాది తిరగనిదాన్ని, కొత్తగా వచ్చిన బండిలో ముందు కూర్చోకూడదని మా వాళ్ల పట్టింపు. వాడు వద్దంటున్నా చివరి వరుసలోకి ఎక్కాను.

అక్కడ అత్తరు వాసన గుప్పుమంది. దాని అడుగున ఇంకో వాసన. అది నాకు తెలుసు.

రవీంద్ర చిన్నప్పుడు తాపీ నది పొంగి, మేం బతకడానికొచ్చిన ఈ ఊరి మీదికి వచ్చింది. వరద తీశాక షెడ్ యజమాని సేఠ్ తడిసిన గుడ్డ తానులన్నీ ఎండబెట్టించాడు. గంజి పెట్టించి, అత్తరు చల్లించి, మా ఆయనకిచ్చి రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌కు పంపాడు. అక్కడి వ్యాపారి పై మడతలు తాకనే లేదు. తానంతా విప్పించి చివరి గజం చూశాడు. గోధుమరంగు మరక. ఆ రోజు మా ఆయన తల వంచుకుని ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. "చివరి గజం అబద్ధం చెప్పదే," అన్నారు.

ఆ మాట గుర్తొచ్చి సీటు బెల్టు పట్టుకుని లాగాను. మొదటి మూర శుభ్రంగా ఉంది. రెండో మూర కూడా. చివరిదాకా లాగితే వచ్చింది, గోధుమరంగు మరక. గోటితో గీకితే సన్నటి ఒండ్రు రాలింది.

"రవీ, గిటు రా. ఈ బండి మునిగింది."

వాడు చూసి ముఖం తిప్పుకున్నాడు. "పిల్లలు చాయ్ ఒలకబోసుంటరమ్మా. జర సబ్బు నీళ్లతోని తుడువు, పోతది."

"చాయ్‌ల మన్ను ఉంటదారా?"

"అన్ని బండ్లకూ ఏదో ఒకటి ఉంటదే. ఎన్నని చూడాలె?"

"నాయినను ఎక్కించిన వ్యాన్ గూడ గిట్లనే మెరిసింది బిడ్డా."

వాడు చేతిలోని తాళం చెవి అటూ ఇటూ తిప్పుతూ మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్ తీశాడు. "ఓంప్రకాష్ భాయ్, పొద్దున్నే వచ్చి మీ గాడీ తీసుకపోండ్రి," అని హిందీలో చెప్పాడు. అవతల ఏమన్నాడో గానీ, "మీరే వచ్చి చూడండ్రి," అని పెట్టేశాడు.

టైర్ల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయలను నవత వంటింట్లోకి పట్టుకుపోయింది. తిరిగి వస్తూ బకెట్‌లో సబ్బు నీళ్లు తెచ్చింది.

"ఎవరి బండైతేంది, తుడిచిస్తే మర్యాద గదా అత్తమ్మా?"

బెల్టు లోపలికి జారిపోకుండా ముడి వేసి, మరక తలుపువైపు కనబడేలా వదిలాను.

"తుడువకు. పొద్దున ఆ బండాయనొచ్చి చూడనీ."