వసారాలో పెట్టిన రెండో టీవీ

మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో ముత్యాన్ని అందరూ దుబాయి ముత్యం అనేవాళ్లు. అక్కడ ఏం పని అని అడిగితే "ఆఫీసుల" అనేవాడు. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఆఫీసులో మరుగుదొడ్లు కడగడం అతని పని. ఆ సంగతి తల్లి లస్మవ్వకూ తెలియదు, భార్య గంగామణికీ తెలియదు.

తొంభై ఒకటి ఎండాకాలంలో సెలవు మీద వస్తూ కలర్ టీవీ, వీసీఆర్ తెచ్చాడు. సినిమా వేస్తే వాడకట్టంతా లోపలి గదిలోకే వచ్చి పడేది. ఊపిరాడేది కాదు. ముత్యం వీసీఆర్ నుంచి ఇంకో వైరు లాగి, కిటికీలోంచి బయటికి తీసి, ఇంట్లో ఉన్న పాత బ్లాక్ అండ్ వైట్ టీవీకి కలిపి వసారాలో పెట్టాడు. లోపల వేసిన సినిమానే బయటా వస్తుంటే జనం ముక్కున వేలేసుకున్నారు.

"నీ చేతుల పనితనమున్నదిరా," అని పక్కింటి వెంకటి మెచ్చుకున్నాడు. వెంకటి తమ్ముడు గంగయ్యను కిందటేడు దుబాయి తీసుకుపోయింది ముత్యమే.

ఈసారి గంగామణి పట్టు పట్టింది. "నన్ను గూడ తోల్కపో. ఆఫీసోళ్లు క్వార్టరియ్యరా?"

నిజం చెప్పడానికి ముత్యానికి నోరు రాలేదు. అతని పెట్టెలో ఒక క్యాసెట్టు ఉంది. కూలీలు ఉండే క్యాంపులో తోటి పనివాడొకడు కొత్త కెమెరాతో సరదాకి తీసింది. చెప్పలేనిది చూపిద్దామనుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా అయిపోయి జనం లేచారు. అందరూ పోయారనుకుని ముత్యం తలుపు వేసి, గంగామణిని కూర్చోబెట్టి ఆ క్యాసెట్టు పెట్టాడు. వసారాలో టీవీ బంద్ చేయలేదన్న ఆలోచనే రాలేదు.

ముందు ఒకదానిపై ఒకటి మంచాలున్న ఇరుకు గది కనిపించింది. తర్వాత, బ్రష్షు పట్టుకుని వంగి మరుగుదొడ్డి రుద్దుతున్న ముత్యం. వెనక బకెట్‌తో గంగయ్య. "ఇంటికి పంపుతవా ఏంది గిది?" అని ముత్యాన్ని అడిగి గంగయ్య పకపకా నవ్వుతున్నాడు.

గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదే నవ్వు వసారాలోంచి కూడా వినపడేసరికి ముత్యం దిగ్గున లేచాడు. పరుగున వెళ్లి తలుపు తీశాడు.

వసారాలో లస్మవ్వ, వెంకటి టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఇద్దరిలో ఒకరు తిట్టినా బాగుండుననిపించింది ముత్యానికి.

వెంకటి లేచి నిలబడ్డాడు. "మావోడు డ్రైవరంటివి గదరా."

"వాడే గట్ల చెప్పుమన్నడన్నా."

"వాడు చెప్పుమంటె నువ్వు చెప్తవా? తీస్కపోయినోనివి నువ్వేనాయె."

వెంకటి వాకిట్లోకి దిగి, మళ్లీ వెనక్కి వచ్చి, "మా అవ్వకు తెల్వనియ్యకు," అని మెల్లగా చెప్పి పోయాడు. తనను నలుగురిలో పెట్టి అరిచినా ముత్యానికి అంత సిగ్గయ్యేది కాదు.

ఆ సాయంత్రమే వైరు పీకేశాడు. అడిగినవాళ్లకు వీసీఆర్ ఖరాబైందన్నాడు. ఊళ్లో ఇంకెవరికీ తెలియకపోయినా, సెలవు అయిపోయేదాకా గడప దాటలేదు. గంగామణి క్వార్టర్ మాట మళ్లీ ఎత్తలేదు. అన్నం పెడుతున్నప్పుడు మొగుడి చేతులకేసి చూసి, అంతలోనే చూపు తిప్పుకునేది. లస్మవ్వ మాత్రం బట్టలు సర్దుతూ ఒక్కసారి అడిగింది.

"గా మందు నీళ్లల్ల చేతులు పెడ్తె పగులుతయి గద బిడ్డా. నూనె గిట్ల రాస్తున్నవా?"

ముత్యం తల ఊపాడు. ఆమె కొబ్బరినూనె సీసా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది.

బయలుదేరే రోజు వెంకటి తల్లి కర్ర పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చింది. గంగయ్యకని చేసిన సకినాల మూట ముత్యం చేతిలో పెట్టింది.

"మావోన్ని బండి పైలంగ నడుపుమను బిడ్డా."

వెంకటి పక్కనే ఉన్నాడు, దూరంగా రోడ్డు వైపు చూస్తూ.

"చెప్త పెద్దమ్మా," అని ముత్యం బస్సెక్కాడు. ఎక్కాక, పెద్దమ్మ నిలబడ్డ వైపు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా అటు కూర్చోలేదు.