ఆకలి దాచుకున్న రాజవ్వ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. సిరిసిల్ల దగ్గరి ఓ ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. వారానికోసారి ఎన్‌సీడీ క్లినిక్ ఉండేది, అంటే బీపీ, షుగర్ లాంటి ఎడతెగని జబ్బులకు మందులిచ్చే రోజు. ముందు బరువు, తర్వాత జీఆర్‌బీఎస్, అంటే వేలి మీద గుచ్చి చూసే షుగర్ పరీక్ష. వరుస గుమ్మం దాటిందంటే నా నోరు దురుసయ్యేది.

రాజవ్వ బీడీలు చుట్టే మనిషి. యాభైకి దగ్గరపడింది. షుగర్ గోలీలు మొదలుపెట్టాక నెలనెలా బరువు పెరుగుతోంది.

"ఏం తింటున్నవ్ రాజవ్వా? గింత బరువేంది?" అన్నాను, అందరూ వినేలా. వరుసలో నలుగురు నవ్వారు.

"మస్తు ఆకలైతది సిస్టరమ్మా. పానం ఆగది."

"ఆకలైనప్పుడల్లా తింటరా? జర నోరు కట్టుకో."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను తర్వాతి పేరు పిలిచాను.

రెండు వారాలకు, మధ్యాహ్నం పూట, ఆమె బిడ్డ లావణ్య తల్లిని ఆటోలో వేసుకొచ్చింది. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకడం లేదు. షుగర్ ముప్పై ఆరు. దీన్ని హైపోగ్లైసీమియా అంటారు, రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవడం. డాక్టరుగారు చెప్పగానే నరం వెతికి గ్లూకోజ్ ఎక్కించాను. ఆ కాసేపూ ఆమె కనురెప్పల వంకే చూస్తూ నిలబడ్డాను.

కళ్లు తెరిచింది. నన్ను పోల్చుకుంది.

"సిస్టరమ్మా, బరువు ఏమన్న తగ్గిందా?"

నాకు ఏడుపు ఆగలేదు.

లావణ్య చెప్పింది: "పొద్దుగాల గోలి ఏసుకొని చాట ముందు కూసుంటది. చేతులకు తంబాకు అంటుతది గదా, అన్నం చేదైతదని ఆకు ఒడిసి పని అయ్యేదాంక ముట్టది. వణుకు వస్తే గప్పుడు లేసి ఆగమాగం తినేది. మీరు అన్నప్పటిసంది గా తినుడు గూడ బంద్ జేసింది."

విషయం అప్పుడు అర్థమైంది. ఆమె వేసుకునే గోలి, తిన్నా తినకపోయినా చక్కెరను దించుతుంది. దిగినప్పుడు ఒళ్లు తిండి కోసం తహతహలాడుతుంది. అప్పుడు ఒక్కసారే రెండు పూటల తిండి తినేది. బరువు అలా పెరిగింది. నేను దాన్ని తిండియావ అనుకున్నాను.

డాక్టరుగారు గోలి మార్చారు. ముందు తిండి, తర్వాత గోలి, ఆ తర్వాతే బీడీల చాట అని చెప్పాం. వణుకు పోయింది. మూడు పూటలా తింటూనే కొన్ని నెలల్లో రెండు కిలోలు తగ్గింది.

ఓ క్లినిక్ రోజున, అదే వరుస ముందు, తప్పు నాదేనని ఆమెతో అన్నాను.

"పోనియ్ సిస్టరమ్మా, నా మంచికే తిడితివి గదా" అంది.

ఆమె నన్ను నాలుగు తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఇప్పుడు బరువు చూసేముందు, పొద్దున్నుంచి ఏం తిన్నారని అడుగుతాను. ఆకలి అంటే, చెప్పేదంతా వింటాను. ఆకలి కూడా నర్సుకు చెప్పుకునే బాధేనని నాకు నేర్పింది రాజవ్వ. నేను నేర్చుకునేలోపు ఆమె ప్రాణమే పోయేది.