మూడు బొడిపెల గోపురం

మొన్న దసరాకి మా ఉక్కు కార్ఖానా ఊళ్ళో, మాంగో పేటలో కట్టిన పూజ పందిరి చూపిస్తానని మనవడు తీసుకెళ్ళాడు. కింద రాజుల కోట, పైన గుడి శిఖరం. అందరూ దండాలు పెడుతుంటే నేను పైట అడ్డం పెట్టుకుని నవ్వాను. నా ఈడు వాళ్ళెవరైనా పక్కనుంటే ఎందుకో చెప్పేదాన్ని. లేరు కనక మీకు చెబుతున్నాను.

పెళ్ళై శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరి బర్మామైన్స్ పేటకి వచ్చిన కొత్తలో, మా ఆయన కార్ఖానాలో ఇనుము కరిగించే భట్టీలకి ఇటుకలు పేర్చే మేస్త్రీ. ఆ ఏడు బిష్టుపూర్ మైదానంలో చేతిపనుల పోటీ పెడితే, మూడు రకాల కట్టడాలు ఒకే బొమ్మలో చేసి చూపిస్తానని తన బెంగాలీ ఫోర్‌మన్ దగ్గర గొప్పలు పోయి వచ్చాడు. కింద మన వైపు గాలిగోపురం, మధ్యలో పక్కింటి ఒడియా ఆయన పట్టుబట్టిన పూరీ గుడి వంపు, ఆపైన ఎదురింటి టీచరమ్మ గారి కోసం చర్చి శిఖరం. ఊచలూ రేకులూ వంచి నా మొలెత్తు చట్రమైతే కట్టాడు గానీ, మట్టి పట్టించబోతే ప్రతిసారీ జారి కూలబడింది. మా క్వార్టర్ల లైన్లో బొగ్గుల పొయ్యిలన్నీ వేసేదాన్ని నేనే. ఊకా పేడా కలిపి తొక్కి నాలుగు రోజుల్లో పట్టించేశాను. ఎవరితోనూ అనకూడదని మాత్రం ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. నాకు కడుపు మండింది. అది నా చేతి పనని ఒక్కరైనా అనాలని ఎంత ఆశో!

బీటలివ్వకుండా తడిగోనె కప్పి ఉంచాం కనక ఆయనా సరిగ్గా చూడలేదు. పోటీ రోజు గోనె తీయగానే జనం ఘొల్లున నవ్వారు. గోపురానికి వాకిలి అనుకుని నేను తీర్చింది పొయ్యికి ఉండే బూడిద లాగే నోరు. చర్చి శిఖరం కొస నిలవక తుంచేసిన చోట, చేతి అలవాటు కొద్దీ గిన్నె ఆనడానికి మూడు బొడిపెలు పెట్టేశాను.

"అరే మిస్త్రీ, ఇస్పే చాయ్ బనేగా?" అన్నాడు ఫోర్‌మన్, దీని మీద టీ కాగుతుందా అని.

మా ఆయన ముఖం మాడిపోయింది. "నాను కాదు బాబూ, ఇదంతా మా ఇంటిదే సేసింది!" అని నా వైపు వేలు చూపించాడు. పేర్లు రాసుకునే గుమాస్తా అక్కడికక్కడే ఆయన పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాడు.

తీర్పు చెప్పే పెద్దావిడ బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. గుడినీ చర్చినీ వంటింటినీ ఒక్కచోట కలిపిన వాళ్ళని ఇంతవరకూ చూడలేదట. మొదటి బహుమతి ఇత్తడి బిందె. మైకులో నా పేరు వినబడగానే మా ఆయన గుమాస్తా వెంట పడ్డాడు. "సువ్వలు వంచింది నానే బాబూ, నా పేరూ రాయండి!"

"ఏటి మావా, ఇందాకల నాను కాదన్నావు గదా!" అంటూ నేను వేలిముద్ర వేసి బిందె చంకనెత్తుకున్నాను.

ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆయన ఊచల గురించి చెప్పడం, నేను మట్టి గురించి అడ్డుపడటం. ఆ తగువు వినడానికే లైన్లో వాళ్ళు సాయంత్రాలు మా గడపలో చేరేవారు. ఆ లైనూ పోయింది, ఆ మనుషులూ పోయారు. ఇప్పుడు మొత్తం నేనే చేశానని చెప్పుకున్నా కాదనేవాడు లేడు. ఎవరూ కాదనకపోతే అలా చెప్పబుద్ధే కావడం లేదు.