ఆషాఢంలో వచ్చిన ఎంక్వైరీ మనిషి

మొన్న మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర కరెంటు తీగలకు అడ్డొస్తున్నాయని మామిడి కొమ్మలు కొట్టేస్తుంటే, పచ్చి సొన వాసన మూడో అంతస్తులో ఉన్న మా వంటింటి దాకా వచ్చింది. పొయ్యి కట్టేసి కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, కడియంలో మా నర్సరీ కళ్ళముందుకొస్తుంది. వానకు నానిన ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు, నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో వరసలు తీరిన మొక్కలు, చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని సంచుల్లో మట్టి కూరే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యనే అదే వేషంలో కూర్చుని మామిడి అంట్లు కట్టే మా మణి అత్త. అత్తంటే నాన్న చెల్లెలు. కోపమొస్తే మామ్మనైనా లెక్కచేయదు, నవ్వితే రోడ్డు మీదకు వినపడుతుంది.

ఎంక్వైరీ అన్న మాట నేను బడికంటే ముందు ఇంట్లోనే నేర్చుకున్నాను. అదేం గొప్ప ఇంగ్లీషు కాదు మాకు. రాజమండ్రి బస్టాండులో బస్సుల వేళలు చెప్పే కిటికీ ఎంక్వైరీ, మోటారు పోయిందని పోలీసు వచ్చి నలుగురినీ అడిగితే ఎంక్వైరీ, లోను ఇచ్చే ముందు బ్యాంకాయన వచ్చి మొక్కల వరసలు చూసిపోతే అదీ ఎంక్వైరీయే. కానీ మామ్మ ఆ మాట గొంతు తగ్గించి అన్నదంటే అత్త పెళ్ళి సంగతేనని పిల్లలం మాకు కూడా తెలిసిపోయేది. సంబంధం కుదిరేముందు మగపెళ్ళివారు చెప్పాపెట్టకుండా ఒక మనిషిని పంపుతారు. ఆయన మొక్కలు కొనేవాడిలా వచ్చి, టీకొట్టు దగ్గరా, పక్కింటి అరుగు మీదా, పనిలో ఉన్న కూలీల దగ్గరా కూర్చుని పిల్ల గురించి ఆరా తీసి వెళ్ళిపోతాడు. ఆషాఢంలో పెళ్ళి మాటలు ఎత్తరు గానీ ఎంక్వైరీకి ఆషాఢం అడ్డు కాదు. ఇప్పుడు కనుక్కుంటే శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకోవచ్చు.

మా ఇంట్లో ఆ మాటంటే అంత భయం ఎందుకంటే, అత్తకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఎనిమిదో తరగతి తర్వాత మళ్ళీ రాలేదు, కాకినాడ డాక్టరుగారు మందులు కూడా మాన్పించేశారు. అయినా ఒక ఏడు ఒక సంబంధం అన్నీ కుదిరి, ‘ఎంక్వైరీ చేసుకుని కబురు పెడతాం’ అని వెళ్ళి, ఇక కబురే పెట్టలేదు. ఎవరు చెప్పారో తెలియక మామ్మ ఊరందరినీ అనుమానించింది. అందుకే మరుసటి ఏడు పెద్దాపురం సంబంధం వచ్చినప్పుడు ముందే జాగ్రత్తపడి, ఎన్నడూ లేనిది ఇరుగుపొరుగు ఇళ్ళకు ములక్కాడలూ, దబ్బకాయలూ పంపింది. కూలీలను కూర్చోబెట్టి, “ఎవరన్నా అడిగితే పిల్ల బంగారం అనండే. ఇంకో మాట రాకూడదు మీ నోట” అని పాఠం చెప్పింది. ఆ వారమంతా మునగాకు పప్పు కూడా ఎవరికీ సయించలేదు. గేటు చప్పుడైతే చాలు, నాన్న కంచం ముందు నుంచి తల ఎత్తి చూసేవాడు.

ఎంక్వైరీ మనిషి ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు. నాన్న లారీకి మొక్కలెక్కించే చోట ఉన్నాడు, మామ్మ పెరట్లో ఉంది. నేను అత్త పక్కన పీట మీద కూర్చుని ఉన్నాను. కొబ్బరి మొక్క ధర అడిగి, మొక్క వైపు చూడకుండానే తలాడించి, బేరం కూడా ఆడకుండా గట్టు మీద చతికిలబడ్డాడు. అత్త చేతులకు గోరింటాకు ఉంది గానీ, ఆ నెలలో కూలికొచ్చిన వాళ్ళ చేతులకూ ఉంటుంది కదా. ఆయన అత్తను కూలిమనిషే అనుకున్నాడు.

“ఏమ్మా, ఈ నర్సరీ వాళ్ళ అమ్మాయి ఎలాంటిది?” అన్నాడు మెల్లగా.

నేను నోరు తెరవబోతుంటే అత్త మట్టి చేత్తో నా మోకాలు నొక్కింది. పక్కన మట్టి కూరుతున్న వాళ్ళ చేతులు ఆగిపోయాయి. బంగారం అంటుందేమో, అనేస్తే బాగుండునని మనసులో మరిడమ్మ తల్లికి మొక్కుకున్నాను.

“మంచిదేనండి. కోపం కాస్త ఎక్కువ” అంది అత్త, అంటు కట్టు బిగిస్తూనే. “చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవండి. ఎనిమిదో తరగతి తర్వాత రాలేదు. మందులు డాక్టరుగారే ఆపేశారు.”

ఆయన ముఖం మారిపోయింది. “ఈ మాట మాకెవరూ చెప్పలేదే!”

“నేను చెప్తన్నాను కదండి. మరి మీ కుర్రాడు ఎలాంటోడండి?”

“నీకెందుకమ్మా?”

“ఆ అమ్మాయి అడిగితే ఏం చెప్పమంటారు?”

ఆయన బంగారం అనబోయాడు. నిజంగానే ‘బం’ అన్నంతవరకూ వచ్చింది. అత్త కత్తి కింద పెట్టి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆయన మాట మింగేసి, తల దించుకుని, కాసేపు గొడుగు మొనతో మట్టి గీసి, లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం విషయం తెలిసి మామ్మ అత్తను తిట్టని తిట్టు లేదు. “నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదే!” అని నుదురు కొట్టుకుని ఏడ్చింది.  నాకు అత్త మీదే కోపం వచ్చింది, ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయిందని. తీరా వారం తిరక్కుండానే, ఫిట్స్ సంగతి తెలిసింది, ఫరవాలేదు, మాకు సమ్మతమే, శ్రావణంలో తాంబూలాలు అని పెద్దాపురం నుంచి కబురు వచ్చింది. మామ్మ కళ్ళు తుడుచుకుని దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది.

“అన్నయ్యా, నువ్వెళ్ళి ఆ అబ్బాయి సంగతి కనుక్కుని రా” అంది అత్త.

“మన పిల్లలో వంక పెట్టుకుని మనం ఎంక్వైరీ చేయడమేంటే? ఒప్పుకున్నారు, అదే పదివేలు” అంది మామ్మ.

“కుర్రాడు ఎలాంటోడని అడిగితే ఆ వచ్చినాయన తల దించుకున్నాడమ్మా” అంది అత్త.

ఆ మాటకు నాన్న చొక్కా తొడుక్కున్నాడు. మరిడమ్మ జాతరకు వెళ్ళే జనంలో కలిసి పెద్దాపురం పోయాడు.  దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. “ఆడికి ఇదివరకే పెళ్ళయిందమ్మా. కొట్టి చెయ్యి విరగ్గొడితే ఆ పిల్ల పుట్టింటికి ఎల్లిపోయిందంట.”

 మామ్మ లేచి వెళ్ళి, అత్త చేతులు రెండూ పట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా తడిమి తడిమి చూసింది. అప్పుడు గాని అత్తకు ఏడుపు రాలేదు. 

ఆ తర్వాత పెళ్ళిచూపుల్లో ఫిట్స్ మాట అత్తే ముందు చెప్పేది. రావులపాలెం అరటి మార్కెట్లో పనిచేసే మామయ్య అది విని, కాఫీ చల్లారుతోందండి, తాగండి అన్నాడట. ఇప్పుడు వాళ్ళ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. నర్సరీ గట్ల మీదకు గొడుగు పట్టుకుని ఎవరూ రావడం లేదు. పొరుగువాళ్ళను అడిగేవాళ్ళు లేరు, అడిగినా ఎవరి సంగతీ ఎవరికీ తెలియదు. అన్నీ ఫోన్లోనే వస్తాయి, జాతకం, జీతం, బీచిలో దిగిన ఫోటోలు.

నిన్న అత్త ఫోన్ చేసింది. ఎవరో అబ్బాయివి పది ఫోటోలు పంపి, బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడు అన్నాను.

“అందరూ బాగానే ఉంటన్నారే” అంది. “ఆ గొడుగాయనలా తల దించుకునేవాణ్ణి ఇందులో ఎలా పట్టుకోను?”